పోలికలోనే పొరపాటు

బొగ్గును ‘నల్ల బంగారం’ అనేవారికి ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అరణ్యం ఒక గని. ఆ అడవిని రాష్ట్రానికి ‘ఊపిరితిత్తులు’ అనేవారికి అది ప్రాణాధారం. బొగ్గు తవ్వకాలను వ్యతిరేకిస్తూ 2021 అక్టోబరులో దాదాపు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరిన గిరిజనులకు మాత్రం అది పోలిక కాదు, బతుకు.

ప్రజల ఆలోచనను పోలికలు ఎటు తిప్పగలవో చెప్పడానికి ‘హరితగృహ వాయువులు’ అనే మాటే తార్కాణం. చలిదేశాలలో మొక్కలను వెచ్చగా ఉంచే అద్దాల గది నుంచి పుట్టిన పేరిది. హరిత విప్లవం, హరితహారం వంటి మాటలకు అలవాటుపడిన తెలుగువారికి ‘హరితం’ అనగానే మేలే స్ఫురిస్తుంది, ముప్పు స్ఫురించదు. వాస్తవానికి బొగ్గును మండించగా వెలువడే కార్బన్ డయాక్సైడ్ భూమికి కప్పిన దుప్పటి వంటిది. అది పెరిగినకొద్దీ భూమి విడిచే వేడి అంత సులువుగా అంతరిక్షంలోకి పోలేదు. మండు వేసవిలో దుప్పటి కప్పుకోవడమంటే ఏమిటో రాయ్‌పూర్ వాసికైనా, రామగుండం వాసికైనా వేరే చెప్పనక్కరలేదు.

పోలిక లేనిదే శాస్త్రం సామాన్యునికి అందదు. అయితే ముప్పును మేలుగా చూపే పోలిక అజ్ఞానం కంటె ప్రమాదకరం. ప్రభుత్వాలూ పత్రికలూ ఈ సంగతిని విస్మరించరాదు.