ఇజ్జత్ ఎవరిది? నేరం ఎవరిది?

ఒక ఆడబిడ్డ మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త ఊరిలో పొక్కగానే మన నోటి వెంట వచ్చే మొదటి ప్రశ్న "ఎవడు చేశాడు?" అన్నది కాదు. "ఆ వేళప్పుడు ఆమె అక్కడికెందుకు పోయింది?" అన్నది. రెండో ప్రశ్న, "వాడు మనవాడా, బయటివాడా?" ఈ రెంటికీ జవాబులు దొరికిన తర్వాతనే మన ఆగ్రహం ఎంత ఉండాలో తేల్చుకుంటాం. మూడు దశాబ్దాలకు పైగా సర్కారు కచేరీలో దరఖాస్తులు తీసుకొని, నంబర్లు వేసి, ఫైళ్లు కట్టిన వాళ్లం మేము. ఇచ్చిన దరఖాస్తును వారం తిరగకముందే వాపసు తీసుకునేందుకు తలవంచుకొని వచ్చిన తల్లులను మేము చూశాం. వారి వెనుక నిలబడిన పెద్దమనుషులనూ చూశాం. ఆ పెద్దమనుషులలో మన సమాజం వారూ ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

మనం సగమే గుర్తుంచుకున్న కథ

1978 మార్చి 29 రాత్రి హైదరాబాదులో రమీజాబీ అనే పేద ముస్లిం స్త్రీ, రిక్షా తొక్కి బతికే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ సినిమా చూసి ఇంటికి తిరిగి వస్తున్నారు. నల్లకుంట పోలీసులు వారిని పట్టి ఠాణాకు తీసుకుపోయారు. కాపాడవలసిన చోటనే ఆమె మీద పోలీసులు సామూహిక అత్యాచారం చేశారు. అడ్డుపడి ప్రశ్నించిన భర్త దెబ్బలకు ప్రాణం విడిచాడు. నగరం భగ్గుమన్నది. కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవిలోకి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. అప్పుడు మేము ఇంటర్ చదివే వయసులో ఉన్నాం. నిజామాబాదు చాయ్ హోటళ్లలో ఒకరు ఉర్దూ పత్రిక పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినడం మాకు ఇప్పటికీ గుర్తు.

ఈ భాగం మన సమాజానికి బాగానే జ్ఞాపకం ఉంది. తరువాతి భాగాన్నే మనం మరచిపోయాం. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులను తప్పుపట్టింది. కానీ విచారణ పొడుగునా బోనులో నిలబడింది ఆ పోలీసులా, లేక ఆమెనా? ఆమె వ్యభిచారిణి అన్నారు. ఆమెకు అంతకుముందు ఎన్ని పెళ్లిళ్లయ్యాయని తవ్వారు. అహ్మద్ హుస్సేన్‌తో జరిగిన నిఖా అసలు చెల్లుతుందా అని వాదించారు. ఠాణాలో జరిగిన ఘోరానికీ ఆమె నిఖాకూ ఏమిటి సంబంధం? ఆమె మంచి స్త్రీ కాదని తేలిస్తే చాలు, ఆమె మీద ఏమి చేసినా చెల్లుతుందన్న నమ్మకమే ఆ సంబంధం. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981 ఫిబ్రవరిలో నిందితులైన పోలీసులందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు.

అదే కాలంలో మన పక్కనున్న మహారాష్ట్రలోనూ ఇదే తీరు నడిచింది. 1972లో దేశాయిగంజ్ ఠాణాలో మథుర అనే ఆదివాసీ బాలిక మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఒంటి మీద గాయాలు లేవు, గట్టిగా ప్రతిఘటించినట్లు లేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు వారిని వదిలివేసింది. ఒకామె ముస్లిం, మరొకామె ఆదివాసీ. ఇద్దరూ పేదలు. ఇద్దరికీ ఎదురు నిలిచింది ఖాకీ దుస్తులలోని అధికారం. బలహీనురాలి దేహాన్ని తాకినా తనను అడిగేవాడు లేడని బలవంతుడికి తెలియడమే అత్యాచారానికి మూలం. కోరిక, వయసు, దుస్తులు అన్నీ తరువాతి సాకులే.

ఈ ఇద్దరు స్త్రీల పేర దేశమంతటా మహిళలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసు, జైలు, ఆసుపత్రి వంటి చోట్ల కస్టడీలో జరిగిన అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష వచ్చింది. అటువంటి కేసులో సంభోగం జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ఆమె మాటనే ముందుగా నమ్మాలన్న నియమం వచ్చింది. బాధితురాలి పేరు ప్రచురించరాదన్నారు. అయినా ఆమె 'శీలం' గురించి ప్రశ్నించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి వీలిచ్చే సాక్ష్య చట్టపు నిబంధనను తొలగించడానికి 2002 దాకా పట్టింది. నల్లకుంట ఘటనకు, దానికి నడుమ ఇరవై నాలుగేళ్లు! కాగితం మీది మాట కొట్టివేయడానికే అంత కాలం పడితే, మనసులో ఉన్నది పోవడానికి ఎంత కాలం పడుతుంది?

మేమూ కూర్చున్న పంచాయితీ

ఇక మా వైపు సంగతికి వద్దాం. మెండోర నుండి బోధన్ దాకా ఈ జిల్లాలో పేద ముస్లిం కుటుంబం ఎలా బతుకుతుందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మగవాడు గల్ఫ్‌లో ఉంటాడు. ఆడవాళ్లు ఇంట్లో చాట ముందు పెట్టుకొని బీడీలు చుడతారు. 2015 డిసెంబరులో బోధన్ నిజాం చక్కెర కర్మాగారం మూతపడిన తర్వాత ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు ఈ రెండే ఆధారమయ్యాయి. బీడీ పని చూడటానికి ఇంటిపని. కానీ తునికాకు, తంబాకు తూచి ఇచ్చేది ఒకడు. చుట్టి తెచ్చిన బీడీలలో ఏవి బాగున్నాయి, ఏవి పనికిరావు అని తీసి పారేసేదీ వాడే. వారానికి ఎన్ని రోజుల పని ఇవ్వాలో, పి.ఎఫ్. కాగితం మీద ఎవరి పేరు ఎక్కాలో చెప్పేదీ వాడే. ఒక మనిషి చేతిలో ఇంత ఉంటే, చీకటి పడ్డాక కట్టలు అప్పగించడానికి పోయిన పదహారేళ్ల పిల్ల చేతిలో ఏముంటుంది?

చాలా ఏళ్ల కిందట అటువంటి పిల్ల సంగతి ఒకటి మా ముందుకు వచ్చింది. ఊరు పేరు చెప్పము, కార్ఖానా పేరు చెప్పము. తండ్రి అరబ్బు దేశంలో ఉన్నాడు. తల్లి ఏడుస్తూ వచ్చి పెద్దల కాళ్ల మీద పడింది. ఆ వ్యక్తీ మనవాడే, చందాలు ఇచ్చేవాడు. ఇషా నమాజు తర్వాత కూర్చున్నారు. ఆ కూర్చున్న వారిలో మేమూ ఉన్నాం. "ఠాణాకు పోతే పిల్లకు సంబంధం రాదు, జమాఅత్ ఇజ్జత్ పోతుంది" అన్నారు. కొంత సొమ్ము ఇప్పించి, తెల్ల కాగితం మీద తల్లితో వేలిముద్ర వేయించారు. ఆ కాగితం రాసింది మేమే. చేతిరాత బాగుంటుందని మాకు ఇచ్చారు.

తరువాత ఏమయింది? ఆ వ్యక్తి ముందు వరుసలో నమాజు చేస్తూనే ఉన్నాడు. ఆ పిల్లను చదువు మాన్పించి దూరపు ఊరికి, రెండో పెళ్లివాడికి ఇచ్చి పంపారు. ఇజ్జత్ కాపాడామని అందరూ నిద్రపోయారు. ఎవరి ఇజ్జత్? నేరం చేసిన వాడిది నిలిచింది. నేరానికి గురైన పిల్లది పోయింది. ఇది న్యాయమైతే అన్యాయమంటే ఏమిటి? రాయచూరు కోర్టులో జరిగిందానికీ ఆ రాత్రి మేము చేసిన దానికీ తేడా ఏమిటని మమ్మల్ని మేము ప్రశ్నించుకుంటూనే ఉన్నాం. తేడా లేదు. అక్కడ రమీజాబీ నిఖా మీద ప్రశ్న వేశారు, ఇక్కడ ఈ పిల్ల నడక మీద వేశాం.

"శత్రువుకు ఆయుధం ఇస్తామా?"

ఈ మాటలు రాస్తే వచ్చే అభ్యంతరం మాకు తెలుసు. "ఇప్పటికే మన మీద బురద చల్లడానికి కాచుకొని ఉన్నారు. మన లోపలి సంగతులు మనమే బయట పెట్టుకోవాలా?" అంటారు. ఈ భయం ఉత్తిది కాదు. 2019 నవంబరులో శంషాబాదు వద్ద పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు నలుగురు నిందితులలో ఒకడు ముస్లిం. ఆ ఒక్క పేరును పట్టుకొని సమాజం మొత్తాన్ని దోషిగా నిలబెట్టారు. డిసెంబరు 6న నలుగురినీ పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపడింది. గుజరాత్‌లో బిల్కిస్ బానో కేసు దోషులు పదకొండుగురిని 2022 ఆగస్టు 15న విడిచిపెట్టి దండలు వేశారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసేదాకా ఆమె మళ్లీ కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. అత్యాచారాన్ని మతం తూకంలో వేసే దేశంలో మనం బతుకుతున్నాం.

అయితే ఆ తూకం మన చేతిలో లేదా? శంషాబాదు ఘటనకు మూడు రోజుల ముందు, 2019 నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాను అమ్ముకొని బతికే ఒక దళిత స్త్రీని ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. 2020 జనవరి 30న ఆదిలాబాదు ప్రత్యేక కోర్టు ఆ ముగ్గురికీ మరణశిక్ష విధించింది. ముగ్గురూ మన పేర్ల వారే. హైదరాబాదు వైద్యురాలి కోసం వెలిగిన కొవ్వొత్తులలో పదో వంతు కూడా ఆ పేద దళిత స్త్రీ కోసం వెలగలేదు. అది దేశం చేసిన తప్పు. మరి మన తప్పు? బిల్కిస్ కోసం చెమ్మగిల్లిన మన కళ్లు ఆమె కోసం ఎంత చెమ్మగిల్లాయి? మనలో ఎంతమంది ఆమె ఇంటి గడప తొక్కి ఓదార్చారు?

న్యాయం కోసం గట్టిగా నిలబడండి, అది మీకు మీరే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే అన్న ఆదేశం దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 135వ ఆయత్‌లో ఉంది. 'జమాఅత్ పరువు పోతుందనుకుంటే తప్ప' అన్న మినహాయింపు అందులో లేదు. చూపు దించుకోమన్న ఆజ్ఞ నూర్ సూరాలో ముందుగా పురుషులకు వచ్చింది, ఆ తర్వాతి ఆయత్‌లో స్త్రీలకు. మన ప్రసంగాలలో రెండోది మాత్రమే వినబడుతుంది ఎందుకు? నలుగురు సాక్షుల నియమం స్త్రీ శీలం మీద నింద వేసేవాడి నోరు కట్టడానికి వచ్చింది. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) మీద అపనింద వేసిన వారిని గద్దించిన సూరా అది. ఆ కవచాన్ని తిప్పి బాధితురాలి మీద కత్తిగా వాడినవారున్నారు. పాకిస్తాన్‌లో జియా పాలనలో 1979 హుదూద్ ఆర్డినెన్సుల కింద, అత్యాచారానికి గురైన ఒక అంధురాలైన పనిపిల్లకే 1983లో శిక్ష వేశారు. నిందితులు బయట తిరిగారు. ఆ దేశపు షరియత్ కోర్టే దాన్ని కొట్టివేయవలసి వచ్చింది. నమాజుకు పోతూ దారిలో అత్యాచారానికి గురైన స్త్రీని దైవప్రవక్త (స) ఏ ప్రశ్నలూ వేయకుండా క్షమాభాగ్యపు మాట చెప్పి పంపివేసిన సంగతి అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. ఆ వేళప్పుడు ఎందుకు బయటికి వచ్చావని ఆయన అడగలేదు. మనం అడుగుతున్నాం.

ఇక శత్రువుకు ఆయుధం మాట. దాచిన నేరమే ఆయుధమవుతుంది. మన పెద్దలే ముందుండి ఫిర్యాదు ఇప్పించిన చోట ఏ నోటికి మాట దొరుకుతుంది?

చేయవలసినవి

అత్యాచారం మీద పంచాయితీ పెట్టే హక్కు ఏ మస్జిద్ కమిటీకీ, ఏ కుల సంఘానికీ లేదు. ఇది రాజీ పడదగిన నేరం కాదు. బాధితురాలు పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల అయితే, సంగతి తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే 2012 పోక్సో చట్టం కింద నేరం. అంటే ఆనాడు మేము రాసిన కాగితం ఈనాడు రాస్తే మేమూ ముద్దాయిలమే. అలా అయి ఉండవలసిందని కూడా మా నమ్మకం. విద్యాసంస్థలో గానీ ధార్మిక సంస్థలో గానీ పనిచేసేవాడు పిల్లల మీద ఈ నేరం చేస్తే, బంధువే చేస్తే, చట్టం దాన్ని మరింత తీవ్రమైనదిగా చూస్తుంది. మన మదర్సాలు, బడులు ఈ మాటను గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఫిర్యాదు తీసుకోనన్న పోలీసు అధికారి కూడా 2013 నుండి శిక్షార్హుడే. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పదిమంది లోపు పనిచేసే చోట జరిగే లైంగిక వేధింపుల మీద జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల లోపు రాసి ఇవ్వవచ్చు. ఇళ్లలో పనిచేసే స్త్రీలకూ ఆ దారి ఉంది. స్త్రీలకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. జుమా నాడు ఈ రెండు నంబర్లు చదివి వినిపించడానికి ఒక్క నిమిషం చాలు.

అన్నిటికన్నా ముందు, ఆ తల్లి మళ్లీ వచ్చినప్పుడు ఆమె ఎదుట కూర్చునేది మగవాళ్ల గుంపు కాకూడదు. ఠాణా దాకా ఆమె పక్కన నడిచే ఇద్దరు చదువుకున్న ఆడవాళ్లు ప్రతి మొహల్లాలో ఉండాలి. దరఖాస్తు రాయడానికి మనిషి కావాలంటే మేమున్నాం. చేతిరాత ఇంకా బాగానే ఉంది. ఈసారి ఆ కాగితం రాజీకి కాదు, ఫిర్యాదుకు రాస్తాం. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, ఆమెకు బిడ్డలున్నారో లేదో మాకు తెలియదు. ఆమెను క్షమాపణ అడిగే మొహం కూడా మాకు లేదు. ప్రళయదినాన ఆమె మా కాలరు పట్టుకొని అడిగితే చెప్పడానికి ఒక్క జవాబైనా సంపాదించుకోవాలన్నదే మా దుఆ.