గ్రూపు ఫోటోలో అమ్మమ్మ

చాలా ఇళ్ళలో అమ్మమ్మకి విడిగా ఫోటో ఉండదు. ఏ పెళ్ళి గ్రూపులోనో వెనక వరసలో నిలబడి ఉంటుంది. సంవత్సరీకం దగ్గరపడ్డాక అందరూ ఫోటో కోసం వెతుకుతారు. చుట్టూ గీత గీసి కత్తిరిస్తే జుట్టు, కొంగు అట్టబొమ్మలా కనిపిస్తాయి. కాస్త ఓపిక ఉంటే కంప్యూటర్ మీద మీరే చక్కగా విడదీయవచ్చు.

'గింప్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ముందుగా ఫోటోకి నకలు తీసి, ఆ నకలునే అందులో తెరవండి. షిఫ్ట్, క్యూ కలిపి నొక్కితే ఫోటో అంతా ఎర్రటి పొర కమ్ముకుంటుంది. తెల్లరంగు బ్రష్‌తో అమ్మమ్మ మీద పూయండి. పూసినచోట ఎరుపు పోతుంది. అదే మీరు ఎంచుకున్న భాగం. చెయ్యి జారి పక్కావిడ మీదికి వెళ్ళిందా? కంగారు పడకండి, నల్లరంగు పూస్తే ఎరుపు మళ్ళీ వచ్చేస్తుంది. జుట్టు చివరలకి మాత్రం అంచు మెత్తగా ఉండే చిన్న బ్రష్ వాడండి. ముగ్గు దిద్దే చేతులకి ఇదేం కష్టం కాదు!

మళ్ళీ షిఫ్ట్, క్యూ నొక్కితే ఎరుపు పోయి, చుట్టూ చుక్కల గీత కదులుతుంది. కంట్రోల్, సి, తర్వాత షిఫ్ట్, కంట్రోల్, వి నొక్కండి. అమ్మమ్మ ఒక్కతే కొత్త బొమ్మగా వస్తుంది. వెనక ఇష్టమైన రంగు వేసుకోవచ్చు.

ముఖంలో ముడతలు మాత్రం చెరపకండి. పిల్లలకి గుర్తున్న అమ్మమ్మ ఆ ముడతలతోనే కదా!