ఆకలిని అకామా అడగొద్దు

2016 జులై చివర్లో జెద్దాలో సౌదీ ఓజర్ అనే నిర్మాణ సంస్థ కార్మికుల క్యాంపులు ఆకలితో అల్లాడాయి. నెలల తరబడి జీతాల్లేవు, ఆఖరికి మెస్సూ మూతబడింది. అప్పుడు భారత కాన్సులేట్, అక్కడి మనవాళ్లు చేయి కలిపి పదిహేను వేల కిలోలకు పైగా తిండి సరుకులు పంచారు. ఆ సాయం క్యాంపులకు చేరింది. మరి క్యాంపుల్లో లేనివాళ్ల సంగతి?

ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు, ఎడారిలో ఒంటెలూ గొర్రెలూ కాసే కరీంనగర్, నిజామాబాద్ తమ్ముళ్లు. మా బెంగంతా వీళ్ల గురించే. పక్క మంచం మీద పలకరించే మనిషి లేడు. యజమాని ‘హురూబ్’ (పనిలోంచి పారిపోయారన్న ఫిర్యాదు) పెట్టాడని తెలిస్తే జ్వరమొచ్చినా ఆసుపత్రి గడప తొక్కాలంటే భయం. 2020 మార్చి 30న సౌదీ రాజు సల్మాన్ అకామా (నివాస అనుమతి) లేనివాళ్లకూ కొవిడ్ వైద్యం ఉచితమన్నారు. ప్రాణాపాయంలో ఎప్పుడూ అదే పద్ధతి ఉండాలని మా కోరిక.

అంబులెన్సుకు 997, ఆరోగ్య సలహాకు 937. కష్టం చెప్పుకోవడానికి రియాద్‌లో మన ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్ ఉన్నాయి. 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్లకు తిండి, బస, అత్యవసర వైద్యం, తిరుగు టికెట్టు ఇప్పించవచ్చు. మృతదేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా. కాన్సులర్ సేవలకు మనం కట్టే రుసుములోంచే ఆ నిధికి డబ్బు చేరుతుంది. మొహమాటపడకుండా అడగండి.

ఎవరిని ఎలా సంప్రదించాలో లోపలి పేజీల్లో రాశాం. చదవడం రాని అన్నకు చదివి వినిపించండి. ఎడారిలో ఉన్నవాళ్లకు వాయిస్ మెసేజ్ చేసి పంపండి.