ఆ ఆదివారాలూ అనుభవమే!

ఫ్రెషర్ల రెజ్యూమెల్లో 'అనుభవం' కాలమ్ చాలావరకు ఖాళీ. ఏళ్లుగా చర్చిలో వాలంటీర్లుగా ఉన్నవాళ్లూ అంతే. మతం సంగతి ఎందుకులే అని సంకోచం. కానీ చెప్పాల్సింది మతం గురించి కాదు, చేసిన పని గురించి.

1924లో ప్రారంభమైన మెదక్ చర్చినే తీసుకోండి. క్రిస్మస్‌ రోజు వేలల్లో జనం. ఇలాంటిచోట ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆరాధనకు అడ్డం రాకుండా కూర్చోబెట్టాలి. వృద్ధులకు చోటు చూపాలి. నడిచే దారి మూసుకుపోనివ్వకూడదు. ఇదంతా కసురుకోకుండా, మాటతోనే చేయాలి. కస్టమర్ సపోర్ట్, ఈవెంట్ మేనేజ్‌మెంట్ ఉద్యోగాలకు కావాల్సింది ఇదే కదా?

'చర్చి సేవ' అని రెండు ముక్కల్లో తేల్చేయకండి. ఎన్నేళ్లు, వారానికి ఎన్ని గంటలు, మీ బాధ్యత ఏంటి... అంకెలతో రాయండి. పెంచి మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.