అమ్మ సంస్మరణలో అమ్మ ఎక్కడ?

కృష్ణా డెల్టాలో ఆర్.సి.ఎం. గుడి ఉన్న ఏ పేటకైనా వెళ్లండి. ఒక తల్లి చనిపోయాక జరిగే సంస్మరణ పూజ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తుంది. షామియానా, దండ వేసిన ఫోటో, మైకు. విచారణ గురువులు దివ్యబలిపూజ అర్పిస్తారు. ఆ తర్వాత మాట్లాడేవాళ్ల వరస మొదలవుతుంది. పెద్ద కొడుకు, పెద్ద అల్లుడు, ఉపదేశి, సంఘ పెద్ద, సర్పంచో మాజీ సర్పంచో. అందరూ కలిసి చెప్పేది నాలుగు మాటలే. ఆమె ఓర్పు గల మనిషి, ప్రార్థనాపరురాలు, భర్త మాట జవదాటలేదు, పిల్లల్ని క్రమశిక్షణలో పెంచింది. కూతుళ్లు ఈ సమయంలో ఎక్కడుంటారు? వంటల దగ్గర ఉంటారు. లేదా ఫోటో పక్కన కూచుని ఏడుస్తుంటారు. ఏడవటానికి మైకు అక్కర్లేదు కదా!

ఒక మనిషి జీవితాన్ని నలుగురి ముందు చివరిసారి చదివే సందర్భం ఇది. దాన్ని ఎవరు చదవాలన్నది హక్కుల ప్రశ్న అని నా వాదన. ఆస్తిని, కూలిరేటును హక్కులుగా గుర్తించినంత తేలిగ్గా మనం దీన్ని గుర్తించం. కానీ ఒక స్త్రీ ఎవరో, ఎలా బతికిందో నిర్ణయించి చెప్పే అధికారం ఆమె బతికున్నంతకాలం మగవాళ్ల చేతిలో ఉండి, చనిపోయాక కూడా వాళ్ల చేతిలోనే మిగిలితే, పితృస్వామ్యం సమాధి దగ్గర కూడా ఆగలేదన్నమాట.

ఓర్పు అనే మాట కింద ఏముంది?

"ఓర్పు గల తల్లి" అన్న మాటను విప్పి చూద్దాం. ఆమె సార్వా నాట్లలో బురదలో వంగి నారు నాటింది. కలుపు తీసింది. వరి కోతలయ్యాక మాగాణుల్లో మినుము పీకింది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా మగ కూలీకి ఇచ్చినదానికన్నా తక్కువే తీసుకుంది. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించింది. ఆదివారం తెల్లారకముందే గుడి ఊడ్చింది, బలిపీఠం మీది గుడ్డలు ఉతికింది, పండక్కి గోడలకు సున్నం వేసింది. వండే ముందు గుప్పెడు బియ్యం తీసి గుడి కోసం దాచింది. ఉపదేశి రాని సాయంత్రాల్లో పేట పిల్లలందర్నీ కూచోబెట్టి జపమాల చెప్పించింది. ఇంత శ్రమా "ఓర్పు" అనే ఒక్క మాటలోకి కుదించుకుపోతుంది. శ్రమ చేసిన మనిషికి కూలి అడిగే హక్కుంటుంది. ఓర్చుకున్న మనిషికి పొగడ్త తప్ప ఇంకేమీ ఇవ్వనక్కర్లేదు. ఆ మాట అంత ఇష్టంగా వాడటంలో ఉన్న సౌకర్యం ఇదే.

ఇక దెబ్బల సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు ఈమె ఎక్కడుంది? దుకాణం ముందు కూచుందా? భర్తకు భయపడి రాలేకపోయిందా? ఆ రాత్రుల్లో పిల్లల్ని ఎవరింట్లో దాచింది? పెద్ద అల్లుడికి ఇవి తెలియవు. కూతుళ్లకు తెలుసు. ఆమెతో కలిసి ఒకే ముఠాలో నాట్లు వేసిన ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. తెలిసినవాళ్లని పక్కన కూచోబెట్టి, తెలియనివాళ్ల చేత మాట్లాడించటాన్ని మనం సంప్రదాయం అంటున్నాం.

చెప్పే మనిషి మారితే చరిత్రే మారుతుందని స్త్రీల ఉద్యమం చాలా ముందే రుజువు చేసింది. స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం వండిపెట్టిన వాళ్లుగా, కొరియర్లుగా ఒక వాక్యంలో ముగిసిపోయిన స్త్రీలు తమ కథ తామే చెప్పారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన "నల్లపొద్దు" దళిత స్త్రీల రాతల్ని ఒక్కచోటికి చేర్చింది. పుస్తకాల్లో మనం సాధించుకున్న ఈ పని షామియానా కింద ఎందుకు చేయలేకపోతున్నాం?

నియమం ఒకటి, ఆచారం ఒకటి

"ఫాదర్ గారు ఒప్పుకోరు, గుడి చట్టం ఒప్పుకోదు" అంటారు. గుడి చట్టం నిజంగా ఏమంటోందో చూద్దాం. అంత్యక్రియల క్రమం ఆయా ప్రాంతాల పరిస్థితులకు, సంప్రదాయాలకు తగినట్లు ఉండాలని 1963లోనే రెండో వాటికన్ మహాసభ చెప్పింది. 1969లో కొత్త క్రమం వచ్చింది. పూజ నియమావళి ప్రకారం అంత్యక్రియల పూజలో గురువు చేసే ప్రసంగం చనిపోయిన వారి మీద పొగడ్తగా మారకూడదు. అంటే ఇవాళ పీఠం మీద నుంచి వినిపించే "ఆదర్శ మాతృమూర్తి" ఉపన్యాసాలకే నియమం అడ్డుచెబుతోంది. అదే సమయంలో, చివరి వీడ్కోలు ప్రార్థనకు ముందు కుటుంబంలో ఒకరో, స్నేహితులో నాలుగు జ్ఞాపకాలు చెప్పుకోవచ్చు. ఆ ఒకరు మగవాడే కావాలని ఎక్కడా లేదు. గురువు గానీ డీకను గానీ లేనప్పుడు జాగరణ ప్రార్థనను గృహస్థులే నడపవచ్చు. అక్కడా స్త్రీ అనర్హురాలు కాదు. 2021 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ శ్రీసభ చట్టాన్నే మార్చి, గ్రంథ పఠనం, బలిపీఠ సేవ అనే స్థిరమైన బాధ్యతల్ని స్త్రీలకు తెరిచారు. భారత పీఠాధిపతుల సమాఖ్య 2010లోనే స్త్రీ పురుష సమానత్వం మీద ఒక విధాన పత్రం ప్రకటించింది. ఆ పత్రం మన విచారణల్లో ఎంతమంది చదివారు?

హిందూ కుటుంబాల్లో కొరివి పెట్టడానికి కొడుకు కావాలన్న పట్టుదల ఉంది. కూతుళ్లు కొరివి పెడితే అదిప్పటికీ పత్రికల్లో వార్త అవుతోంది. క్రైస్తవ ఖననంలో ఆ నిబంధనే లేదు. కొడుకు లేకపోతే ఆత్మకు గతి ఉండదని ఏ సువిశేషమూ చెప్పలేదు. పైగా నాలుగు సువిశేషాల్లోనూ ఖాళీ సమాధి దగ్గరికి ముందు వెళ్లింది స్త్రీలే. వాళ్లు వచ్చి చెప్పిన సంగతిని శిష్యులు వట్టి పిచ్చిమాటలుగా కొట్టిపారేశారని లూకా రాశాడు. మగ్దలా మరియమ్మ స్మరణను వాటికన్ పండగ స్థాయికి పెంచింది 2016లో. ఆమె మాట నమ్మటానికి శ్రీసభకే ఇంతకాలం పట్టిందంటే, మన పేటల్లో కూతుళ్ల మాట వినటానికి ఎంతకాలం పట్టాలి?

గురుపట్టం సంగతి వేరు. అక్కడ తలుపు గట్టిగానే మూసి ఉంది. బాప్తిస్మం పొందిన పురుషుడికే అభిషేకం అని 1983 నాటి చట్టం. 1994లో రెండో జాన్ పాల్ ఆ చర్చకే తెర దించాలని చూశారు. 2002 జూన్ 29న యూరప్‌లో డాన్యూబ్ నది మీద ఒక పడవలో ఏడుగురు స్త్రీలు గురుపట్టం తీసుకుంటే, నెలన్నర తిరక్కుండా వాళ్లను వెలివేశారు. ఆ అన్యాయం మీద పోరాటం జరగాల్సిందే. కానీ ఆ తలుపు మూసి ఉందని చెప్పి, తెరిచి ఉన్న తలుపుల్ని కూడా మూసేయటాన్ని మనం ఎందుకు ఒప్పుకోవాలి?

మనవాళ్లెవరు, పరాయివాళ్లెవరు?

డెల్టాలో ఒక్క మతశాఖతో నిండిన కుటుంబాలు తక్కువ. బందరులో చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో అడుగుపెట్టింది. బెజవాడ కతోలిక పీఠం 1937లో ఏర్పడింది. తర్వాత పెంతెకోస్తు సంఘాలు వచ్చాయి. ఫలితంగా తల్లి ఆర్.సి.ఎం. అయితే ఒక కూతురు సి.ఎస్.ఐ. ఇంటికి వెళ్లి ఉంటుంది, చిన్నకొడుకు పెంతెకోస్తు సంఘంలో ఉంటాడు, ఒక కోడలు పెళ్లికి ముందూ తర్వాతా హిందువుగానే ఉంటుంది. ఆ కోడలే ఆఖరి మూడేళ్లూ అత్తకు మలమూత్రాలెత్తి ఉండొచ్చు. సంస్మరణ పూజలో దివ్యసత్ప్రసాదం ఇచ్చేటప్పుడు ఆమె పక్కకు తప్పుకుని నిలబడాలి. సరే, ఆ నియమం ఇవాళ మనం మార్చలేం. కానీ ఒక ప్రార్థన చదవటానికి, ఫోటో దగ్గర దీపం వెలిగించటానికి, రెండు మాటలు చెప్పటానికి ఆమెకు ఏ నియమం అడ్డం? పీఠాధిపతి అనుమతితో ఇతర శాఖల క్రైస్తవులకు కతోలిక అంత్యక్రియలే జరపవచ్చని శ్రీసభ చట్టం అంటుంటే, బతికున్న ఇతర శాఖలవాళ్లని వెనక వరసలో నిలబెట్టటం ఎవరు పెట్టిన రూలు?

ఈ కలుపుగోలుతనం మనకు కొత్తదీ కాదు, పడమర నుంచి దిగుమతి అయిందీ కాదు. విజయవాడలోనే గుణదల కొండ ఉంది. 1924లో అర్లాటి అనే ఇటలీ గురువు అక్కడ మరియమాత విగ్రహం పెట్టించారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవానికి వచ్చే జనంలో హిందువులూ ఉంటారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. అక్కడ మెట్లెక్కేవాళ్లని మీదే శాఖ అని ఎవరూ అడగరు. యేసు తల్లి దగ్గరికి అందరూ రావచ్చు గానీ, పేటలో చనిపోయిన తల్లి దగ్గరికి అందరూ సమానంగా రాకూడదా?

అట్లా వచ్చిన ఒక సందర్భం నేను చూశాను. ఊరి పేరు చెప్పను. చనిపోయినామె వ్యవసాయ కూలీ. కూతుళ్లు ముందే వెళ్లి విచారణ గురువుతో మాట్లాడారు. ఆయన పూజ చేసి, మైకు వాళ్లకిచ్చి కింద కూచున్నారు. పఠనం పెద్ద కూతురు చదివింది. హిందూ కోడలు దీపం వెలిగించి, అత్తకు తాను వండిపెట్టిన చివరి భోజనం గురించి చెప్పింది. ముఠా మేస్త్రి, ఆమె కూడా స్త్రీయే, కూలి పెంచమని ఒక ఏడు నాట్లు ఆపినప్పుడు చనిపోయినామె మొదట గట్టు మీద ఎట్లా కూచుందో చెప్పింది. అక్కడున్న మగవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఏడుపు తక్కువేం లేదు. నవ్వులూ వినపడ్డాయి. సంస్మరణ అంటే ఒక జీవితాన్ని పండగ చేసుకోవటం అన్నమాటకు అర్థం అక్కడ కనిపించింది.

రెండు పేర్ల తల్లులు

ఇక్కడ కులం ప్రస్తావన లేకుండా మాట్లాడితే అది సగం మాటే. కతోలికుల్లో ఎక్కువమంది దళితులేనని పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత విధాన పత్రంలో స్వయంగా ఒప్పుకుంది. కోటీ 90 లక్షల మందిలో కోటీ 20 లక్షల మంది దళితులని దాని లెక్క. ఐనా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్.సి. లు కారు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ అడ్డు తొలగింది. క్రైస్తవులకు తొలగలేదు. అందుకే మన పేటల్లో రెండు పేర్ల తల్లులున్నారు. గుడిలో మరియమ్మ, రేషను కార్డులో వేరే పేరు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు కేసులో, మతం మారిన వ్యక్తికి ఎస్.సి. హోదా ఉండదని, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పాక ఈ భయం ఇంకా పెరిగింది. శిలువ గుర్తుతో తల్లి సంస్మరణ కార్డు అచ్చువేస్తే, అది రేపు మనవరాలి కులపత్రానికి ఎదురు సాక్ష్యం అవుతుందేమోనని వెనకాడే పరిస్థితి ఇది. తల్లిని ఆమె సొంత పేరుతో తలచుకోవటానికి కూడా రాజ్యం అనుమతి కావలసి వస్తోంది. కనుక సంస్మరణలో దళిత తల్లికి చోటు అడగటమంటే 1950 ఉత్తర్వు మార్చమని అడగటం కూడా.

పొగడ్త సరే, వాటా ఏదీ?

వేదిక మీద తల్లిని దేవతను చేసేవాళ్లని ఒక సంగతి అడగాలి. క్రైస్తవులకు వర్తించే భారత వారసత్వ చట్టం 1925 నాటిది. పిల్లలు లేని కొడుకు వీలునామా రాయకుండా చనిపోతే, భార్య ఉంటే ఆమె వాటా పోగా మిగిలినదంతా తండ్రికే పోతుందని దాని 42వ సెక్షన్ చెబుతుంది. తండ్రి బతికుండగా తల్లికి పైసా రాదు. తండ్రి లేకపోతే అప్పుడు ఆమె మిగతా పిల్లలతో పాటు ఒక వాటాదారు. నవమాసాలు మోసిన తల్లికి చట్టంలో ఉన్న చోటు ఇది! కేరళలో మేరీ రాయ్ ట్రావన్‌కోర్ చట్టం మీద కోర్టుకెక్కి 1986లో సుప్రీంకోర్టులో గెలిచి కూతుళ్ల వాటా సాధించింది. 42వ సెక్షన్‌తో సహా ఈ నిబంధనల్ని మార్చాలని 2014లో న్యాయ సంఘం తన 247వ నివేదికలో సిఫార్సు చేసింది. తల్లి ఫోటోకి దండ వేసే సంఘ పెద్దలు ఈ మార్పు కోసం ఎన్ని తీర్మానాలు చేశారు?

"దుఃఖంలో ఉన్న ఇంట్లో హక్కులు మాట్లాడతారా?" అని మనల్ని తప్పక అంటారు. దుఃఖంలో ఉన్న ఇంట్లోనే కదా కొడుకులు పొలం పత్రాలు బయటకు తీసేది! ఇంకోవైపు మన మిత్రులే కొందరు, "మతం గొడవ మనకెందుకు, గుడి బయట పని చేద్దాం" అంటారు. మనం సంఘాలు పెట్టే పేటల్లో స్త్రీలు వారానికోసారి కలుసుకునే చోటు ఆ గుడే. దాన్ని మనం వదిలేసినంత మాత్రాన మగ పెద్దలు వదిలెయ్యరు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు, మొదలుపెట్టటమే కష్టం. మన సంఘాల్లో ఒక సభ్యురాలి తల్లి చనిపోతే, పూజకు ముందే నలుగురం వెళ్లి విచారణ గురువుతో మాట్లాడాలి. పఠనం, విన్నపాలు, జ్ఞాపకాలు కూతుళ్లకీ కోడళ్లకీ, ఆమెతో కలిసి కూలికి వెళ్లిన స్త్రీలకీ ఇవ్వాలని అడగాలి. ఏ మతం వాళ్లయినా సరే మాట్లాడనివ్వాలి. గురువు ఒప్పుకోకపోతే అదే సాయంత్రం ఇంటి ముందు మనమే ప్రార్థన కూడిక పెట్టుకోవచ్చు. కార్డు మీద "ఫలానావారి భార్య" అని కాక ఆమె పేరు, ఆమె చేసిన పని రాయించాలి. కొత్త పేరు అచ్చువేయటానికి భయముంటే ఆ భయాన్నే చర్చకు పెట్టాలి. వంట ఆ పూట మగవాళ్లకి అప్పగించాలి. చెప్పుకున్న జ్ఞాపకాలు ఎవరో ఒకరు నోటుపుస్తకంలో రాసి పెట్టాలి. పది పేటల్లో పది పుస్తకాలు తయారైతే, డెల్టా ఆడకూలీల చరిత్ర రాయటానికి రేపు వేరే ఆధారాలు వెతుక్కోనక్కర్లేదు.