రోడ్డు సంగతి ఎవరికి తెలుసు?

పుంగనూరు అనగానే చాలామందికి పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు మాత్రం తెల్లవారకముందే పాలక్యాన్లతో రోడ్డు అంచున నడిచే ఆడవాళ్లు గుర్తొస్తారు. మదనపల్లె నుంచి పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి పోయే జాతీయ రహదారి ఇది. టమాటా లారీలకు రాత్రీ పగలూ తేడా లేదు. ఏ మలుపులో లారీ చివరిదాకా కనబడదో, ఏ కల్వర్టు దగ్గర అంచు కోసుకుపోయి తారు మీదికెక్కి నడవాల్సి వస్తుందో వీళ్లను అడిగితే చెబుతారు. ఎవరూ అడగరు.

ఒక సమావేశంలో ఈ మాటే ఎత్తితే "అమ్మా, ఇది టెక్నికల్ విషయం" అన్నారు ఒక ఇంజనీరు గారు. సరే, ఆ టెక్నికల్ విషయమే చూద్దాం. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేరలో 3 ఏళ్లలో ప్రాణాలు తీసినవో, తీవ్రంగా గాయపరిచినవో 5 ప్రమాదాలు జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడే అది కేంద్ర రవాణా శాఖ లెక్కలో 'బ్లాక్ స్పాట్'. అంటే మన శవాలే వాళ్లకు సర్వే! చీకట్లో లారీని తప్పించుకుని గుంతలో దూకిన మనిషి అనుభవానికి ఏ రిజిస్టర్లోనూ చోటు లేదు.

ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు తెలంగాణలో కొత్తూరు దగ్గర, హైదరాబాద్-బెంగళూరు రహదారి పక్కనున్న పెద్దకుంట తండాను తలచుకోండి. బైపాస్ దాటుతూ మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోతే పత్రికలు దానికి 'వితంతువుల ఊరు' అని పేరు పెట్టాయి. జనం ఎక్కడ దాటతారో చెప్పడానికి విదేశీ కన్సల్టెంట్ కావాలా? తండాలో ఏ ఆడమనిషైనా చెప్పేది.

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198-ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్లో, నిర్మాణంలో నిర్ణీత ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. (ప్రాణం ఖరీదు అంతే అనుకున్నారు కాబోలు.) కానీ ఆ తప్పు నిరూపించేదెవరు? దూరాన్నుంచి వచ్చి, కారు దిగకుండా చూసిపోయే నిపుణులా? పైగా వాళ్లు చదివిన పుస్తకాలు ఎక్కువ భాగం కార్ల దేశాల్లో పుట్టినవి. మన రోడ్డు మీద గొర్రెలమంద, షేర్ ఆటో, నెత్తిన గడ్డిమోపు ఉంటాయి.

నేను నైపుణ్యం వద్దనడం లేదు. అది ఇక్కడే పుట్టాలంటున్నాను. వేగాన్ని కొలవడం, మలుపులో చూపు ఎంత దూరం ఆనుతుందో లెక్కకట్టడం రాని విద్యలా? పొదుపు సంఘాల లెక్కలు మన ఆడవాళ్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. పాలిటెక్నిక్ పిల్లలతో కలిపి వాళ్లకు ఆడిట్ నేర్పండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో మహిళా సంఘాలకు స్థానమివ్వండి. ప్రమాదాల వివరాలు పంచాయతీ గోడ మీద రాయండి.

మేమైతే టేపు, నోటుబుక్కు పట్టుకుని పాలకేంద్రం నుంచి కల్వర్టు దాకా నడవబోతున్నాం, తెల్లవారుజామున, వాళ్లు నడిచే వేళకే. ఆ ఇంజనీరు గారినీ రమ్మన్నాం.