డిగ్రీ ఒకటే.. యూనివర్సిటీలు నాలుగు! న్యాల్‌కల్ స్టూడెంట్స్ ముందే వేసుకోవాల్సిన లెక్క ఇదే

దోస్త్‌లో సీటు వచ్చింది. ఇక మూడేళ్లు చదివేస్తే చాలు అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఇంటర్ అయ్యాక వెబ్ ఆప్షన్స్‌లో పెట్టే ఆ ఒక్క క్లిక్‌తోనే తర్వాత ఏ యూనివర్సిటీ గేటు తెరుచుకుంటుంది, ఏది మూసుకుపోతుంది అన్నది చాలావరకు తేలిపోతుంది. ఈ లెక్క హైదరాబాద్ పిల్లల కంటే సంగారెడ్డి జిల్లా చివరన, కర్ణాటక బార్డర్‌ను ఆనుకుని ఉన్న న్యాల్‌కల్ పిల్లలకే ఎక్కువ అవసరం. ఎందుకంటే వాళ్లకు ఒకవైపు జహీరాబాద్, ఇంకోవైపు బీదర్. హైదరాబాద్ వెళ్లాలంటే మాత్రం వంద కిలోమీటర్లు దాటాలి.

అసలు సమస్య ఏంటి?

న్యాల్‌కల్ మండలంలో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ, మరాఠీ కూడా వినిపిస్తాయి. బీదర్‌లో బంధుత్వాలు ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ఆస్పత్రికి, బజారుకు అటు వెళ్లినట్టే చదువుకూ వెళ్దాం అనుకోవడం సహజం. కానీ బస్సు దాటినంత ఈజీగా సర్టిఫికెట్ బార్డర్ దాటదు.

జహీరాబాద్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉస్మానియా యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. బీదర్ కాలేజీలు ఒకప్పుడు గుల్బర్గా యూనివర్సిటీ కింద ఉండేవి. తర్వాత బీదర్‌కే సొంత యూనివర్సిటీ వచ్చింది. సిలబస్ వేరు, సెమిస్టర్ల టైమింగ్ వేరు, క్రెడిట్ల లెక్క వేరు. కర్ణాటక అయితే నాలుగేళ్ల డిగ్రీ పెట్టి, 2024లో మళ్లీ మూడేళ్లకే వచ్చేసింది. ఇలాంటి మార్పుల మధ్యలో కాలేజీ మారిన విద్యార్థికి ఏ పేపర్ చెల్లుతుంది, ఏది మళ్లీ రాయాలి అన్నదే పెద్ద తలనొప్పి.

క్రెడిట్ బ్యాంక్ ఉంది కదా?

ఉంది. యూజీసీ 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను తెచ్చింది. డిజిలాకర్ ద్వారా ఐడీ తీసుకుంటే పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు అందులో జమ అవుతాయి. గరిష్ఠంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. మధ్యలో చదువు ఆగిపోయినా మళ్లీ మొదలుపెట్టొచ్చు. పెళ్లి వల్లో, ఇంటి ఇబ్బందుల వల్లో కాలేజీ మానేసిన అమ్మాయిలకు ఇది నిజంగా మంచి అవకాశం.

అయితే ఇందులో రెండు మెలికలు ఉన్నాయి.

మొదటిది: 2021 నిబంధనల ప్రకారం డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. ఉదాహరణకు బీదర్‌లో నాలుగు సెమిస్టర్లు చదివి, చివరి రెండింటికి ఉస్మానియాకు మారాలనుకున్నారనుకోండి. ఇక్కడ చదివింది మూడో వంతే. లెక్క కుదరదు. మారాలంటే సగం దాటకముందే మారాలి.

రెండోది: బ్యాంకులో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన సీటు ఇవ్వాలన్న రూల్ లేదు. ఖాళీ ఉండాలి, సిలబస్ సరిపోలాలి, అవతలి యూనివర్సిటీ ఒప్పుకోవాలి. డబ్బు అకౌంట్లో ఉన్నా షాపులో సరుకు ఉంటేనే కదా కొనేది? ఇదీ అంతే.

బార్డర్ దాటితే ‘లోకల్’ సంగతేంటి?

చాలా కుటుంబాలు ఆలస్యంగా తెలుసుకునే విషయం ఇదే. తెలంగాణలో ఆర్టికల్ 371-డి కింద 85 శాతం సీట్లు లోకల్ విద్యార్థులకే. లోకల్ అని తేల్చడానికి సాధారణంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. టెన్త్ వరకు న్యాల్‌కల్‌లో చదివి, ఇంటర్‌కు బదులు బీదర్‌లో పీయూసీ చేస్తే ఆ నాలుగేళ్లలో రెండేళ్లు బయట గడిచినట్టే. అప్పుడు మిగిలిన 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్ల కోసమే పోటీ పడాల్సి రావచ్చు.

మెడికల్ సీట్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా ఉంది. 9వ తరగతి నుంచి 12 వరకు తెలంగాణలోనే చదవాలంటూ 2024లో ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

పోనీ అటువైపు లోకల్ అవుతారా అంటే అదీ లేదు. బీదర్ సహా కళ్యాణ కర్ణాటక జిల్లాలకు ఆర్టికల్ 371-జె కింద ప్రత్యేక రిజర్వేషన్ ఉంది. అది అక్కడి వాళ్లకే. అంటే తొందరపడితే న్యాల్‌కల్ పిల్లలు ఇటు 371-డి, అటు 371-జె.. రెండింటికీ చెడ్డ రేవడి అవుతారు. దీనికితోడు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా లేదా అన్నది కూడా చేరకముందే కనుక్కోవాలి.

అమెరికాలో ఎలా చేస్తారు?

అక్కడ కమ్యూనిటీ కాలేజీ అని ఉంటుంది. తక్కువ ఫీజుతో రెండేళ్లు అక్కడ చదివి, మిగతా రెండేళ్లకు పెద్ద యూనివర్సిటీకి మారతారు. అమెరికాలో మనవాళ్ల పిల్లలు కూడా ఈ దారిలో వెళ్తున్నారు. కాలిఫోర్నియాలో అయితే ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే ‘అసిస్ట్’ అనే అధికారిక వెబ్‌సైటే ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన ఆరు క్యాంపస్‌లు షరతులు పూర్తిచేస్తే సీటు గ్యారంటీ అని ముందే మాటిస్తాయి. కాకపోతే ఆ గ్యారంటీ ఒక క్యాంపస్‌కే అడగాలి. బర్క్‌లీ, లాస్ ఏంజిలెస్, శాండియాగో ఆ జాబితాలో లేవు.

అందుకే తెలివైన విద్యార్థి ఏం చేస్తాడంటే.. నచ్చిన మూడు నాలుగు యూనివర్సిటీలు రాసుకుంటాడు. ఒక్కోటి ఏ సబ్జెక్టు అడుగుతుందో పక్కనే రాస్తాడు. అందరూ అడిగేవి ముందు పూర్తిచేస్తాడు. ఒక్కరే అడిగే సబ్జెక్టు చివరికి ఉంచుకుంటాడు. ఏ గేటు మూసుకుపోయినా ఇంకోటి తెరిచే ఉంటుంది.

మన దగ్గర ఈ పట్టిక ఎలా వేసుకోవాలి?

మన దగ్గర అలాంటి వెబ్‌సైట్ లేదు. కానీ పట్టిక మనమే వేసుకోవచ్చు. చివరి నుంచి వెనక్కి రావాలి. అంటే పీజీ ఎక్కడ అనుకుంటున్నారో చూసి డిగ్రీ గ్రూప్ ఎంచుకోవాలి.

* సీపీగెట్: ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మా గాంధీ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల పీజీ సీట్లకు ఒకటే పరీక్ష. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కావాలంటే డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాల్సిందే.

* సీయూఈటీ పీజీ: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లాలంటే ఈ పరీక్ష. సిలబస్ జాతీయ స్థాయిలో ఉంటుంది కాబట్టి సెకండియర్ నుంచే ప్రిపరేషన్ మొదలుపెట్టాలి.

* ఈసెట్: పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు. బైపీసీ వైపు డిగ్రీ చేస్తే ఈ దారి లేదు.

* ఎడ్‌సెట్, ఐసెట్, లాసెట్: బీఈడీలో మీ మెథడాలజీ డిగ్రీ సబ్జెక్టుల్ని బట్టే ఉంటుంది. ఎంబీఏ, మూడేళ్ల లా కోర్సుకు ఏ డిగ్రీ అయినా పర్వాలేదు.

దీన్ని బట్టి చూస్తే మ్యాథ్స్ ఉన్న బీఎస్సీకి దారులు ఎక్కువ. అలాగని మ్యాథ్స్ అంటే భయపడే పిల్లల్ని బలవంతంగా తోయొద్దు. బ్యాక్‌లాగ్ ఉన్న సబ్జెక్టుకు క్రెడిట్లే రావు. ఫెయిలైతే దారులన్నీ మూతే.

కాలేజీలో లేని సబ్జెక్టు కావాలంటే కేంద్రం నడిపే ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు వాటి ద్వారా చేసేందుకు యూజీసీ అనుమతిస్తోంది. కానీ మీ యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకుంటుందో లేదో ముందే ప్రిన్సిపాల్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కాలేజీ మారే ఆలోచన ఉంటే సిలబస్ కాపీ, సెమిస్టర్ మెమోలు, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ భద్రంగా పెట్టుకోండి.

ఇప్పుడే ఎందుకు ముఖ్యం?

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం భూములు తీసుకున్నారు. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్ ఒకటి. 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్ల ప్రాజెక్ట్. భూమి ఇచ్చిన ఇంటి పిల్లలు రేపు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా ఉంటారా, లోపల ఇంజినీర్‌గా ఉంటారా? అది ఈ సబ్జెక్టుల లెక్క మీదే చాలావరకు ఆధారపడి ఉంది.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. దోస్త్‌లో గ్రూప్ సెలెక్ట్ చేయగానే ‘దీంతో ఈ పీజీలకు వెళ్లొచ్చు, వీటికి వెళ్లలేరు’ అని స్క్రీన్ మీద చూపిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. ఉస్మానియా, బీదర్ యూనివర్సిటీలు కూర్చుని ఏ కోర్సు దేనికి సమానమో ఒక జాబితా ప్రకటిస్తే బార్డర్ ఊళ్ల పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

అప్పటిదాకా ఒక తెల్లకాగితం, ఒక పెన్ను చాలు. వెబ్ ఆప్షన్స్ పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మూడు యూనివర్సిటీల పేర్లు రాయండి. ఎదురుగా అవి అడిగే సబ్జెక్టులు రాయండి. క్లిక్ ఆ తర్వాతే!